ఒక జత బట్టలు, ఒక రాత్రి, మూడు రంగులు

మొన్న వైశాఖంలో కడపలో ఒక రిసెప్షన్‌కు పైనుంచి కింది దాకా ఒకే రంగు వేసుకుని వెళ్లాను. వక్క రంగు. చొక్కా అదే, ప్యాంటు అదే, బూట్లు కూడా దాదాపు అదే. సాయంత్రం ఆరున్నరకు వాకిట్లో నిలబడితే అమ్మ ఎగాదిగా చూసి "ఈసారి కుదిరింది రా" అంది. బట్టల విషయంలో ఆమె నోటి నుంచి ఆ మాట రావడం చిన్న సంగతి కాదు. గంటన్నర తర్వాత ఫంక్షన్ హాల్లో మా బావ నన్ను పక్కకు పిలిచి, అప్పు అడగబోతున్నంత మెల్లగా, "ఏం బామ్మర్దీ, ప్యాంటు ఇంకోదాని మీదిది ఏసుకొచ్చినట్టుండావే" అన్నాడు. పదకొండు దాటాక ఏడు రోడ్ల దగ్గర టీ తాగుదామని బండి పక్కకు ఆపితే, అప్పటికే అక్కడున్న స్నేహితుడు దూరం నుంచే రెండు చేతులూ జోడించాడు. "సామియే శరణం! ఎండాకాలంలో మాలేసుకున్యావేంది సామీ?"

బట్టలు అవే. మధ్యలో మార్చింది లేదు. జరిగిందల్లా నాలుగైదు గంటలు, నాలుగైదు రకాల దీపాలు, ఒక ప్లేటు బిర్యానీ. మరి అమ్మకు కుదిరిన రంగు బావకు ఎందుకు కుదరలేదు? వక్క రంగు మూడోవాడి కంటికి నలుపు ఎట్లా అయింది? మొదట ముగ్గురిలో ఎవరో ఒకరు తప్పు చూశారనుకున్నాను. విషయం కాస్త తవ్వితే తేలిందేమంటే, ముగ్గురూ ఉన్నదున్నట్టే చెప్పారు.

ఈ ఫ్యాషన్‌ను మోనోక్రోమ్ అంటున్నారు, అంటే ఒంటి రంగు. చొక్కా, ప్యాంటు, బూట్లు, వీలైతే వాచీ పట్టీ కూడా ఒకే రంగు కుటుంబంలోంచి తీసుకోవాలి. అందులోనే టోనల్ అని ఒక శాఖ ఉంది. అది ఒకే రంగులో ముదురు, లేత కలిపి వేయడం. దీనికి రీల్స్‌లో మూడు లాభాలు చెబుతారు: పొడుగ్గా కనిపిస్తావు, ఖరీదుగా కనిపిస్తావు, ఏం వేసుకోవాలా అని ఆలోచించే పని తప్పుతుంది. మొదటిది కొంత నిజమే, నడుము దగ్గర రంగు తెగకపోతే చూపు ఆగకుండా కిందికి జారుతుంది. రెండోది గుడ్డను బట్టి ఉంటుంది. మూడోది మాత్రం పచ్చి అబద్ధం. ఒక జత బట్టల గురించి నా జీవితంలో ఇంతగా ఎప్పుడూ ఆలోచించలేదు.

1981లో రేయ్ కవాకుబో, యోజీ యమమోటో అనే ఇద్దరు జపాన్ డిజైనర్లు పారిస్‌కు వచ్చి నలుపు మీద నలుపు చూపిస్తే అక్కడి ఫ్యాషన్ లోకం ఉలిక్కిపడింది. కడపలో అయితే ఎవరూ తల కూడా తిప్పి ఉండరు. కార్తీకం వచ్చిందంటే మా వీధిలో సగం మంది నల్లబట్టల్లోనే ఉంటారు, మండలం నలభై ఒక్క రోజులూ. ఎర్రబట్టలైతే భవానీ మాల, సిందూరం రంగైతే హనుమంతుడి మాల. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు తెల్లటి కుర్తా పైజామాలు బారులు తీరుతాయి. ఖాకీ పోలీసులది, ఆటో అన్నలది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు కనిపిస్తే వచ్చింది నాయకుడు, లేదంటే నాయకుడి వెనకాల ఫోను పట్టుకుని తిరిగే మనిషి. తెలుగుదేశం పుట్టిన 1982 నుంచి పసుపు చొక్కాకు ఇక్కడ ఫ్యాషన్‌తో పనిలేని అర్థం ఒకటి స్థిరపడింది. నీలం, ఆకుపచ్చ పక్కపక్కన వేసుకున్నా ఇంకో అర్థం తీస్తారు.

అంటే మన దగ్గర మగవాడి ఒంటి మీద ఒకే రంగు ఉంటే అది బోర్డు లాంటిది. నువ్వెవరు, ఏ దీక్షలో ఉన్నావు, ఎవరి మనిషివి, ఏ కంపెనీలో పని అని చదువుకుంటారు. రంగురంగుల చొక్కా వేసినవాడిని ఎవరూ చదవరు. ఈ ఫ్యాషన్ మన ఊళ్లో ఎదుర్కొనే మొదటి చిక్కు ఇదే. రీల్స్ చేసేవాళ్లకు ఇది తట్టదు, ఎందుకంటే వాళ్ల వీధిలో నల్లబట్టలకు నలుపు అన్న అర్థం తప్ప ఇంకోటి ఉండదు.

సఫారీని మర్చిపోకూడదు. మా నాన్న తరంలో ఇంజనీరు, కాంట్రాక్టరు, కొత్తగా ప్రమోషన్ వచ్చిన గుమాస్తా అందరూ సఫారీ కుట్టించినవాళ్లే. ఒకే తానులోంచి మూడు మీటర్ల పైచిలుకు కోయించి, పైదీ కిందదీ అందులోనే. చూస్తే ఇది పక్కా మోనోక్రోమ్. ఇప్పుడు అదే తానులోంచి చొక్కా, ప్యాంటు కుట్టి కో-ఆర్డ్ సెట్ అని అమ్ముతున్నారు. నాన్నకు ఒకటి చూపిస్తే "సఫారీకి జేబులు పీకేసినారంతే కదా" అని పేపర్లో తల పెట్టేశాడు.

సఫారీలో రంగు తప్పే అవకాశమే లేదు, తాను ఒకటే కాబట్టి. కానీ అంత కచ్చితంగా కలిస్తే అది యూనిఫాం అవుతుంది. కలవకపోతే పొరపాటు అవుతుంది. ఈ రెంటి మధ్య సన్నటి గట్టు మీద నడవడమే ఈ ఫ్యాషన్, అదీ రాత్రిపూట.

నా దగ్గరికి వస్తే, నలుపు వద్దంది అమ్మ, పెళ్లి సంబరంలో నల్లబట్టలేంటని. తెలుపు వేస్తే ఎవరి తరఫున వచ్చానని అడుగుతారు. ఖాకీ, పసుపు సంగతి చెప్పుకున్నాం. మిగిలినవాటిలో వక్క రంగు నచ్చింది. ఇక్కడ ఒక మాట. చీరలంగట్లో రంగులకు ఎన్ని పేర్లున్నాయో చూడండి: నెమలికంఠం, వంగపండు, మామిడి చిగురు, ఉల్లిపొర, మెంతి, నేరేడు. మగవాళ్ల వైపుకొస్తే లైటు, డార్కు, మీడియం. వక్క రంగు చొక్కా కావాలంటే కుర్రాడు "బ్రౌనా అన్నా, కాఫీయా?" అని రెండు చేతుల్లో రెండు పట్టుకొచ్చాడు.

వై.వి. స్ట్రీట్‌లో ఒక అంగట్లో రెడీమేడ్ చొక్కా తీసుకున్నాను, నూరు శాతం కాటన్. దాన్ని పట్టుకుని ఇంకో అంగడికి పోయి ప్యాంటు బిట్టు ఏరించాను. పాలిస్టర్, విస్కోస్ కలిసిన గుడ్డ. ట్యూబ్‌లైటు కింద రెండూ ఒక కడుపున పుట్టినట్టున్నాయి. టైలర్ కూడా "ఒకే తానా?" అన్నాడు. నాకు చాలా గర్వంగా అనిపించింది.

తప్పు జరిగింది అక్కడే. పక్కనే ఉన్న మ్యాచింగ్ సెంటర్‌లో ఆడవాళ్లు ఏం చేస్తున్నారో చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. చీర చెంగు పక్కన జాకెట్టు గుడ్డ పెట్టి చూస్తారు, కుదిరినట్టే ఉంటుంది, అయినా రెండూ పట్టుకుని మెట్లు దిగి రోడ్డు మీదికి వస్తారు. ఎండలో తిప్పి చూసి, మొహం చిట్లించి, మళ్లీ లోపలికి పోయి ఇంకో ముక్క అడుగుతారు. మగవాళ్లం బండి మీద కూర్చుని హారన్ కొడుతూ దీన్ని చాదస్తం అనుకుంటాం. బట్టల మిల్లుల్లో దీన్నే లాబొరేటరీ పెట్టి, రకరకాల దీపాలున్న పెట్టెలో గుడ్డలుంచి చేస్తారు. ఒక దీపం కింద కలిసిన రంగులు ఇంకో దీపం కింద విడిపోవడానికి వాళ్ల దగ్గరున్న పేరు మెటామెరిజం.

కాటన్‌కు, పాలిస్టర్‌కు ఒకే రంగు మందు పట్టదు. కాటన్‌కు ఎక్కువగా వాడేవి రియాక్టివ్ రంగులు. 1956లో బజారులోకి వచ్చిన ఈ రకం నూలుతో రసాయనికంగా కలిసిపోతుంది. పాలిస్టర్ అట్లా కలవదు. దానికి డిస్పర్స్ రంగులు వేసి, మామూలుగా ఒత్తిడిలో 130 డిగ్రీల దగ్గర ఉడికించి రంగును లోపలికి దింపుతారు. ఇక నా ప్యాంటులో పాలిస్టర్‌కు ఒక మందు, పక్కనున్న విస్కోస్‌కు ఇంకో మందు. అంటే నేను ఒకే వక్క రంగు అనుకున్నది మూడు వేర్వేరు వంటకాల్లో తయారైంది.

తయారీ వేరైనా చూడ్డానికి ఒకటిగా ఎట్లా ఉంటాయి? మన కన్ను రంగును కొలిచేది మూడు లెక్కల్లోనే, సుమారుగా ఎరుపు, పచ్చ, నీలం వైపు అనుకోండి. మొత్తాలు ఒకటైతే రంగు ఒకటే అని ఒప్పేసుకుంటుంది, లోపలి చిల్లర లెక్క అడగదు. ఇద్దరి జేబుల్లో వంద రూపాయలున్నాయి. ఒకడివి రెండు యాభైలు, ఇంకొకడివి పది పదులు. ఇద్దరూ సమానమే. ఇప్పుడు యాభై నోటు తీసుకోని అంగడికి ఇద్దరినీ పంపండి. దీపం మారడమంటే అదే. ఒక దీపంలో ఉన్న వెలుగుల్లో కొన్ని ఇంకో దీపంలో తక్కువగా ఉంటాయి, కొన్ని ఉండవు. ఆ లేని వెలుగు మీద ఆధారపడ్డ గుడ్డ ఆ దీపం కింద దివాలా తీస్తుంది.

ఎండలో అన్ని వెలుగులూ ఉంటాయి. పాతకాలం బల్బులో ఎరుపు దండిగా, నీలం తక్కువగా ఉండేది. మన ఇళ్లలో ఇప్పుడున్న తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలి దీపం. ఆ నీలానికి మూడు దశాబ్దాల పరిశోధన పట్టింది, 2014లో నోబెల్ కూడా వచ్చింది. నీలం మీద పసుపు పూత వేసి తెలుపు అనిపిస్తారు. చవక రకంలో ముదురు ఎరుపు బాగా నీరసం. బల్బు డబ్బా మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది చూడండి, అది రంగులను ఆ దీపం ఎంత నిజాయితీగా చూపిస్తుందో చెప్పే మార్కు. నూటికి వేస్తారు. టమోటాలు మధ్యాహ్నం తోపుడుబండి మీద ఒక రకంగా, రాత్రి అంగట్లో ఇంకో రకంగా కనిపించడానికి సగం కారణం ఆ అంకె.

నా చొక్కా, ప్యాంటు అంగడి ట్యూబ్‌లైటు కింద కలిశాయి. వాకిట్లో సందె వెలుగులో కూడా పరీక్ష గట్టెక్కాయి, అమ్మ చూసింది అప్పుడే. ఫంక్షన్ హాల్లో తలుపు నుంచి స్టేజీ దాకా పసుపు సీరియల్ సెట్లు. ఆ వెలుగులో చొక్కా ఎర్రబారింది, ప్యాంటు ఎర్రబారలేదు, మట్టి రంగులోకి దిగింది. బావ కన్ను మంచిదే, ఆయన బంగారం పనిచేసే మనిషి. స్టేజీ ఎక్కితే ఇంకో లోకం. పార్ లైట్లు నిమిషానికో రంగు కొడుతుంటే, ఎర్ర లైటు పడ్డప్పుడు నా చొక్కా నిప్పులాగా వెలిగింది, నీలం పడ్డప్పుడు ఇద్దరం, అంటే చొక్కా, నేనూ, బొగ్గయ్యాం. ఫోటోగ్రాఫర్ నొక్కింది నీలం మీదే.

ఇంకో సంగతి కూడా అక్కడే బయటపడింది. దీన్ని చెప్పడానికి మా ఊరి రాయిని మించింది లేదు. కడప బండ చూసే ఉంటారు, వంటింటి గట్టుకు వేసేది. గని నుంచి వచ్చినప్పుడు పొడిగా, గరుగ్గా, బూడిద రంగులో ఉంటుంది. దాని మీద చెంబుడు నీళ్లు పోయండి. పోసిన మేర నల్లగా నిగనిగలాడుతుంది, ఆరగానే మళ్లీ బూడిద. అదే బండను పాలిష్ పట్టిస్తే నీళ్లు లేకుండానే నలుపు నిలిచిపోతుంది. రాయిలో రంగేమీ మారలేదు. గరుకు పైపొర మీద పడ్డ వెలుగు అన్ని దిక్కులకూ చెదిరి, రాయి అసలు రంగు మీద తెల్లటి ముసుగు కప్పుతుంది. నీళ్లో, పాలిషో ఆ గరుకును పూడిస్తే ముసుగు తొలగిపోతుంది.

గుడ్డ కూడా అంతే. కాటన్ పోగులు నూగుగా ఉంటాయి, వెలుగును చెదరగొడతాయి. పాలిస్టర్ నున్నగా ఉంటుంది, మెరుస్తుంది. రంగు ఒకటే అయినా ఒకటి మసకగా, ఒకటి నిగారింపుగా కనిపించక తప్పదు. ఇక బిర్యానీ తర్వాత, వైశాఖం ఉక్కలో, ఏసీ పనిచేయని మూల కూర్చున్నాక నా వీపు మీద ఏం జరిగిందో చెప్పాల్సిన పనిలేదు. చెంబుడు నీళ్లు పోసిన బండే. చెమటపట్టిన చోట పోగుల మధ్య ఖాళీలు నీటితో నిండి, అక్కడ చొక్కా రెండు మెట్లు ముదురైంది. గళ్ల చొక్కా అయితే గళ్లలో కలిసిపోయేది. ఒంటి రంగులో దాక్కోవడానికి చోటే లేదు. రాయలసీమ ఎండాకాలంలో ఈ ఫ్యాషన్ చేయదలిస్తే మరీ ముదురు రంగో, తెలుపో ఎంచుకోండి. మధ్యరకం బూడిద, లేత నీలం చెమటను మ్యాపు గీసినట్టు చూపిస్తాయి.

ఏడు రోడ్ల దగ్గర నేను నల్లబడ్డ కథ కొంచెం వేరు. అక్కడ దీపం తప్పు లేదు, అసలు దీపం లేని పక్కన బండి ఆపాను. సందె చీకట్లో మందార చెట్టును గమనించండి. పగలు అంత ఎర్రగా ఉన్న పువ్వు ముందు నల్లబడుతుంది, ఆకులు మాత్రం ఇంకాసేపు తేటగానే ఉంటాయి. యాన్ పుర్కిన్యె అనే చెక్ శాస్త్రవేత్త ఇట్లాంటిదే గమనించి 1825లో రాశాడు, అందుకే ఆయన పేరే పెట్టారు. మసక వెలుగులో మన కంట్లో పనిచేసేవి వేరే కణాలు. వాటికి ముదురు ఎరుపు దాదాపు కనిపించదు. కాబట్టి మెరూన్, వక్క, ఇటుక రంగులన్నీ చీకట్లో నలుపుకే చేరతాయి. అటు తిరిగి ఇటు తిరిగి అమ్మ వద్దన్న రంగులోకే వచ్చి పడ్డాను. అట్లా తలనుంచి కాలిదాకా ముదురు రంగులో రాత్రిపూట బండి మీద పోతుంటే వెనకాల వచ్చే లారీకి కూడా కనపడమని గుర్తుంచుకోండి. ఇది ఫ్యాషన్‌కు సంబంధం లేని మాటే, అయినా కడప-తిరుపతి రోడ్డు మీద తిరిగేవాడిగా చెప్పాలనిపించింది.

ఇంత తేడా ఉన్నా, చొక్కానూ ప్యాంటునూ విడివిడిగా చూపిస్తే బావ కూడా రెండూ వక్క రంగే అనేవాడు. పక్కపక్కన పెట్టినప్పుడే పేచీ. 1824లో పారిస్‌లోని గోబెలిన్ అనే తివాచీల కార్ఖానాలో రంగుల విభాగం చూసుకోవడానికి షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్త చేరాడు. నల్ల రంగు సరిగ్గా పట్టడం లేదని ఫిర్యాదు. ఆయన పరీక్షించి చూస్తే మందులో లోపమేమీ లేదు. పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోంది. రెండు రంగులు అంచులు తాకించి నిలబడితే కన్ను వాటి తేడాను పెంచి చూపిస్తుందని ఆయన అప్పుడు పట్టుకున్న సూత్రం.

నా నడుము దగ్గర జరిగింది సరిగ్గా అదే. చొక్కా బయటికి వదిలేశాను, అంచు పోయి ప్యాంటు మీద పడింది. టక్ చేసి మధ్యలో రెండు వేళ్ల వెడల్పు బెల్టు పెట్టి ఉంటే రెండు గుడ్డలూ తాకేవి కావు, తేడా సగం తగ్గేది. అయితే బెల్టు వేరే రంగుదైతే నడుము దగ్గర గీత పడి, పొడుగ్గా కనిపిస్తావన్న మొదటి లాభం పోతుంది. అదే రంగు బెల్టు అంటే తోలు, నాలుగో వంటకం. ఈ ముడి పూర్తిగా విప్పడం ఎవరివల్లా కాదు. నా మటుకు నేను పొడుగు వదిలేసుకుని బెల్టు పెట్టుకుంటాను. ఐదడుగుల ఆరంగుళాల మనిషిని ఏ రంగూ ఆరడుగులు చేయదు.

టోనల్ పద్ధతి ఎందుకు పుట్టిందో ఇప్పుడు అర్థమవుతుంది. దాదాపు కలిసిన రంగు తప్పులాగా కనిపిస్తుంది కాబట్టి, కావాలనే రెండు మూడు మెట్లు దూరం జరగడం. ముదురు వక్క ప్యాంటు మీద లేత గోధుమ రంగు చొక్కా వేస్తే దీపం ఎన్ని వేషాలు వేయించినా రెండూ వేర్వేరుగానే, తెలిసి వేసినట్టే ఉంటాయి. దీక్ష అని, డ్రైవర్ డ్యూటీ అని ఎవరూ అనుకోరు, ఎందుకంటే యూనిఫాంలో మెట్లు ఉండవు. గుడ్డ రకం కూడా తేడాగా ఉంటే ఇంకా మంచిది. గరుకు లినెన్ పైన, నున్నటి ప్యాంటు కింద. కడప బండనే సగం పాలిష్ పట్టించి సగం వదిలేసినట్టు.

ఉతుకుడు సంగతి ఏ రీల్‌లోనూ చెప్పరు. చొక్కాను వేసిన ప్రతిసారీ ఉతుకుతాం, ప్యాంటును మూడుసార్లకోసారి. రెండు నెలలు తిరిగేసరికి చొక్కా వెలిసి అన్న, ప్యాంటు తమ్ముడు అవుతుంది. నలుపులో ఇది మరీ ఘోరం, ఒకటి ఎర్రజీర తేలుతుంది, ఒకటి పచ్చజీర. జతగా కొన్నవి జతగానే ఉతకాలి, తిప్పేసి నీడలో ఆరేయాలి. తెల్లబట్టల కష్టం వేరు: నీలిమందు పెట్టిన తెలుపు, పెట్టని తెలుపు, పాల తెలుపు, మూడూ మూడు దిక్కులు. సర్ఫ్ పౌడర్లలో మెరుపు కోసం కలిపే పదార్థం డీజే నైట్‌లో నల్ల లైటు (అతినీలలోహిత వెలుగిచ్చే దీపం) కింద చొక్కాను నీలంగా వెలిగిస్తుంది. ప్యాంటులో అది లేకపోతే గాల్లో చొక్కా ఒక్కటే నడిచి వస్తున్నట్టుంటుంది. నాయకులు ఒకే ధోబీకి ఎందుకు కట్టుబడి ఉంటారో నాకు ఈ మధ్యే అర్థమైంది.

శ్రావణంలో ఇంకో పెళ్లి ఉంది. ఈసారి గుడ్డ తీయడానికి అక్కను వెంటబెట్టుకుని వెళ్లాను. ఆమె నన్ను మగవాళ్ల అంగడి దాటించి నేరుగా మ్యాచింగ్ సెంటర్‌లోకి తీసుకుపోయింది. కౌంటర్ వెనక ఇరవై ఏళ్లు కూడా నిండని అబ్బాయి నా వక్క రంగు ప్యాంటును బల్ల మీద పరిచి, చేత్తో ఒకసారి నిమిరి, వెనక వందల ముక్కలున్న అరల వైపు తిరగబోతూ ఆగాడు.

"అన్నా, ఫంక్షన్ పగలా, రాత్రా?"